అరచేతి చెమటకు భయపడి బ్రాంచి మార్చాలా?

ప్రశ్న: మావాడు చిత్తూరులో ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి అరచేతులు, అరికాళ్లు కారిపోయేంత చెమట. రాస్తుంటే పేపరు తడిసిపోతుంది, ఎవరికీ చెయ్యి ఇవ్వడు. ఈసీఈ చదువుతానంటాడు. ఆ సోల్డరింగులు, వైర్లు వాడికి కుదరవు, ఏసీ గదిలో పనైతే చెమట పట్టదని మేము సీఎస్ఈ ఏఐ-ఎంఎల్‌లో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడాం. క్యాంపస్ ఇంటర్వ్యూల లోపు ఆపరేషన్ చేయిస్తే పూర్తిగా పోతుందంటున్నారు. రెండు బ్రాంచీల్లో వీడికి ఏది నయం?
— ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, మీరు అడిగింది బ్రాంచి గురించే గానీ మీ భయం వేరు. రేపు ఇంటర్వ్యూలో ఎవరో మీవాడి చెయ్యి పట్టుకుని, తడి తగిలి, వద్దనేస్తారేమోనని. ఇదే దిగులుతో వచ్చే తల్లిదండ్రులు చాలామంది. క్యాంపస్ సెలెక్షన్‌లో చూసేది కోడింగ్ టెస్టు, టెక్నికల్ ప్రశ్నలు, మాట తీరు. చేతులు జోడించి నమస్కారం పెట్టినవాణ్ణి తప్పుపట్టే బోర్డు మన దేశంలో ఉండదు. కాబట్టి ఉద్యోగం రాదన్న మాట ఇంట్లో ఇకమీదట అనకండి, ముఖ్యంగా వాడు వింటుండగా.

ఇక ఏసీ లెక్క. అది మొదట్లోనే తప్పింది. ఒంటికి పట్టే చెమట వేడికి పడుతుంది. అరచేతుల్లో, అరికాళ్లలో పట్టేది ఎక్కువగా మనసు కదిలినప్పుడు పడుతుంది. చెమట గ్రంథులు బాగానే ఉంటాయి, వాటికి సంకేతాలు పంపే సింపథెటిక్ నరాలే అవసరానికి మించి పనిచేస్తాయి. అందుకే నిద్రపోతే ఆగిపోతుంది. మే నెల తిరుపతి ఎండలో కాస్త పొడిగా ఉన్న చెయ్యి, చల్లటి ల్యాబ్‌లో వైవా అనగానే కారడం మొదలుపెడుతుంది. పైగా ఏసీలో తడిచేతులు మంచుముక్కల్లా అవుతాయి, టచ్‌ప్యాడ్ తడి వేలికి ఇష్టమొచ్చినట్టు కదులుతుంది, వేలిముద్ర హాజరు యంత్రం ఒప్పుకోదు. సీఎస్ఈలో చేరితే చెమట తప్పుతుందనుకుని డబ్బు కడుతున్నారు మీరు. తప్పదు.

ఏఐ-ఎంఎల్ అన్న పేరు మీద నాకు వేరే అనుమానాలూ ఉన్నాయి. మొదటి రెండేళ్లు వాళ్లు చదివేది దాదాపుగా మామూలు సీఎస్ఈ వాళ్లు చదివేదే: సి, డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్. తేడా ఆ తర్వాత వస్తుంది, దానికి పునాది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. ఆ సబ్జెక్టులు గట్టిగా చెప్పగల మాస్టారు లేని కాలేజీలో ఆ నాలుగక్షరాలు మార్క్స్ మెమో మీద తప్ప ఎక్కడా కనబడవు. సీటు మాట్లాడే ముందు మీరు కాలేజీని ఏం అడిగారు? మూడో ఏడు మెషిన్ లెర్నింగ్ ఎవరు చెప్తున్నారు, ఆయన ఎన్నాళ్ల నుంచి అక్కడున్నారు, ప్లేస్‌మెంట్ లెక్క బ్రాంచివారీగా ఇస్తారా, ఆఫర్ వచ్చినవాళ్లలో నిజంగా ఎంతమంది చేరారు? ఫీజు ఒక్కటే అడిగి వచ్చి ఉంటే మళ్లీ వెళ్లండి. ఇంకోమాట, ఈసీఈ వాళ్లను సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావరకు పరీక్షకు రానిస్తాయి. సీఎస్ఈ చదివి తర్వాత చిప్ డిజైన్ వైపు రావడం మాత్రం కష్టం. ఇష్టపడి అడిగినవాణ్ణి ఇష్టంలేని చోట కూర్చోబెట్టడానికి అంత డబ్బెందుకు?

ఈసీఈలో చెమట అడ్డొచ్చే పనులు లేవనను. సోల్డరింగే తీసుకోండి. చెమటలోని ఉప్పు సర్క్యూట్ బోర్డు మీది రాగి ప్యాడ్లకు అంటితే అవి మసిబారి టంకం సరిగా పట్టదు. బోర్డును అంచుల దగ్గరే పట్టుకోవాలి, లేదా స్టాండుకు బిగించాలి, టంకం పెట్టేముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. చిన్న పార్టులు తీయడానికి వేలికొసలకు తొడుక్కునే నైట్రైల్ ఫింగర్ కాట్స్ దొరుకుతాయి. రేణిగుంట, శ్రీసిటీ వైపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో ఇలాంటి తొడుగులు లైను పనిలో మామూలే, మీవాడొక్కడే వింతగా కనబడడు. బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా పార్టులు గుచ్చి సర్క్యూట్ కట్టే పలక) పని 5, 12 వోల్టులలోనే, దానికి భయం లేదు. జాగ్రత్త పడాల్సింది కరెంటు సప్లై దగ్గర. పొడి చర్మం నిరోధం లక్ష ఓముల దాకా ఉండొచ్చు, తడిస్తే వెయ్యి ఓములకు పడిపోవచ్చు. 230 వోల్టులను వెయ్యితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. ప్రాణం తీయడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. కాబట్టి స్విచ్ ఆపి, చెయ్యి తుడుచుకుని, ఆ తర్వాతే ముట్టుకోవాలి. వైద్యం లేకుండా వద్దని నేను చెప్పేది ఐటీఐ ఎలక్ట్రీషియన్, లైన్‌మన్ లాంటి పనులకు. సైన్యం సంగతీ ముందే తెలుసుకోవాలి. సైనికాధికారులకు శిక్షణనిచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) వైద్య ప్రమాణాల ప్రకారం అరచేతులు, అరికాళ్లలో చెమట మరీ ఎక్కువైతే అన్‌ఫిట్. కలికిరి సైనిక్ స్కూల్లో పిలకాయల్ని చదివించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు మిమ్మల్ని కోప్పడాల్సిన విషయం. సీటుకు బేరమాడారు, ఆపరేషన్ దాకా ఆలోచించారు. చర్మవ్యాధుల డాక్టరు ఓపీ చీటీ ఒక్కటైనా ఉన్నట్టు మీ ఉత్తరంలో లేదు! పౌడరు పూస్తే తడికి ముద్ద కడుతుందే తప్ప ఆగదు. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ కూడా దగ్గరే. చిన్నప్పటి నుంచీ రెండు చేతులకూ సమానంగా పడుతూ నిద్రలో ఆగిపోతుంటే సాధారణంగా వేరే జబ్బు కాదు. రాత్రి నిద్రలోనూ ఒళ్లంతా తడుస్తున్నా, బరువు తగ్గుతున్నా, గుండెదడ ఉన్నా థైరాయిడ్, షుగర్, టీబీ లాంటివి ఉన్నాయేమో చూస్తారు.

మామూలుగా మొదట ఇచ్చేది 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ మందు. చాలామంది దీన్ని వాడలేక మానేస్తారు, కారణం పూసే పద్ధతి. పడుకోబోయే ముందు, చెయ్యి పూర్తిగా ఆరాక, పలుచగా పూయాలి. ఆరడానికి ఫ్యాన్ చాలు. ఆరేడు గంటలు ఉంచి పొద్దున కడిగేయాలి. తడిచేతికి పూస్తే ఆ నీళ్లతో కలిసి ఆమ్లం పుట్టి మంట పెడుతుంది, అప్పుడు మందు పడలేదని పారేస్తారు. రోజూ రాత్రి పూస్తూ, చెమట తగ్గాక వారానికి ఒకటి రెండుసార్లకు తగ్గించాలి. చంకల్లో పనిచేసినంత బాగా అరచేతుల్లో పనిచేయదు, అక్కడి చర్మం మందం.

దానికి లొంగకపోతే అయాన్టోఫోరెసిస్. రెండు ట్రేలలో నీళ్లు పోసి, చేతులు ముంచి, 15 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు 20 నిమిషాలకు పైగా పంపిస్తారు. వారానికి మూడుసార్లు మొదలుపెట్టి, కొన్ని వారాల్లో ఫలితం కనబడ్డాక వారానికి ఒకసారి చాలు. ఆపేస్తే చెమట తిరిగొస్తుంది. గాయాలుంటే వాజలీన్ రాయాలి, ఉంగరం, కడియం తీసేయాలి, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. యంత్రం కొనుక్కుని డాక్టరు చెప్పినట్టు ఇంట్లోనూ చేసుకోవచ్చు. అప్పుడు ఆర్‌ఓ నీళ్లు పోయకండి. లవణాలు లేని నీళ్లలో కరెంటు సరిగా పారదు, మన బోరు నీళ్లే మేలు. గ్లైకోపైరొలేట్ మాత్రలు ఒళ్లంతా చెమట తగ్గిస్తాయి, నోరు ఎండిపోతుంది. మన ఎండల్లో ఒంటికి చెమటే పట్టకపోతే వడదెబ్బ ప్రమాదం, మెడికల్ షాపులో అడిగి కొనే మందు కాదు. బొటాక్స్ ఇంజెక్షన్లు కొన్ని నెలలు పనిచేస్తాయి గానీ, కొన్ని వారాలు వేళ్ల పట్టు తగ్గొచ్చు, పరీక్షల ముందు వద్దు.

ఆపరేషన్ అన్నది వీటన్నిటి తర్వాత మాట. ఛాతీలోపల, వెన్నెముక పక్కనుండే సింపథెటిక్ నరాన్ని కత్తిరిస్తారు లేదా క్లిప్ వేస్తారు. చేతులు ఆరిపోతాయి, నిజమే. ఆ చెమట వీపుకు, పొట్టకు, తొడలకు మారడం చాలామందిలో జరుగుతుంది, కొందరికి చొక్కా పిండేంత. అలా అయితే వెనక్కి తిప్పడం దాదాపు కుదరదు. ఇంటర్వ్యూ కోసం పదిహేడేళ్లవాడి ఛాతీలో కోత పెట్టించకండమ్మా, ఇంటర్వ్యూలకు ఇంకా మూడేళ్లకు పైనే ఉంది.

ఈలోపు చిన్న ఏర్పాట్లు. జెల్ పెన్ను మాని బాల్‌పెన్ను, రాసే చేతి కింద మడిచిన నూలు గుడ్డ. గుడ్డ లోపలికి రానిస్తారా అని హాల్‌టికెట్ సూచనల్లో ముందే చూసుకోవాలి. కాలేజీలో వేలిముద్ర తీసుకుంటే రెండు మూడు వేళ్లు నమోదు చేయించండి. రెండు జతల బూట్లు మార్చి మార్చి వేసుకోవాలి, మధ్యాహ్నం సాక్సులు మార్చాలి, లేకపోతే అరికాలి చర్మం గుంటలు పడి వాసనొస్తుంది. వైకల్య సర్టిఫికెట్ గురించి ఎవరైనా చెబితే తిరగొద్దు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఇది లేదు.

ఈ వారమే ఓపీకి తీసుకెళ్లండి. ఏ పనులు కష్టమవుతున్నాయో డాక్టరుకు వాణ్ణే చెప్పనివ్వండి, మధ్యలో మీరు అందుకోకండి. అడ్వాన్సు ఇంకా కట్టకపోతే కట్టొద్దు. కట్టేసి ఉంటే, వెనక్కిచ్చే గడువు ఎప్పటిదాకో రాతపూర్వకంగా అడగండి.