బందరులో ఓడలరేవు ఎక్కడ?

ప్రశ్న: పాత ఓడరేవు చూద్దామని పిల్లలతో బందరు వెళ్ళాం. కోటలో పాడుబడ్డ కట్టడాలు తప్ప ఏమీ కనిపించలేదు. ఓడలు కట్టేసిన ఒడ్డు ఎక్కడుంది? ఈసారి వెళ్తే ఏం చూడాలి?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: మీరు వెతికిన ఒడ్డు బందరుకు లేదమ్మా. అక్కడ సముద్రం లోతు తక్కువ, అడుగంతా కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రు. పెద్ద ఓడలు మైళ్ళ దూరంలోనే లంగరు వేసేవి. సరుకు పడవల మీద వచ్చేది. గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవు నడిచింది ఇలాగే. 1864 నవంబరు 1 ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారు, ఊరు మళ్ళీ ఆ స్థాయికి రాలేదు.

కాబట్టి రేవును పేటల పేర్లలో వెతకండి. హాలండు వాళ్ళను, అంటే డచ్చివారిని, మనవాళ్ళు వలందులన్నారు, వాళ్ళదే వలందపాలెం. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు, పరాసుపేట అలా వచ్చింది. 1611లో గ్లోబ్ అనే ఓడలో దిగినవాళ్ళ పేరు ఇంగ్లీషుపాలేనికి మిగిలింది. 1759లో ఫ్రెంచివాళ్ళ చేతిలోని కోటను లాక్కున్నదీ వీళ్ళే. ఆటో మాట్లాడుకుంటే ఒక పూటలో మూడూ తిరగొచ్చు.

డచ్చివారి సమాధులకు మాత్రం పొద్దున్నే వెళ్ళండి. పలకల మీద వంశచిహ్నాలు, అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఏటవాలు ఎండలో నీడ పడి చదవడానికి వీలవుతుంది, మిట్టమధ్యాహ్నం అంతా చదునుగా కనిపిస్తుంది. అక్షరాలు తేలడానికి సుద్ద రుద్దకండి, రాయి పాడవుతుంది.

ఓడలెక్కిన సరుకులో ముఖ్యమైనది అద్దకం బట్ట. దాన్ని చూడాలంటే తిరుగు ప్రయాణం పామర్రు మీదుగా కాక పెడన, గుడివాడ మీదుగా పెట్టుకోండి, ఆ పని ఇప్పటికీ జరిగేది పెడనలో. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు అచ్చు గీత దాటి పాకదు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో రెండు మూడు వారాలు ఊరితే వచ్చే ద్రవాన్ని అద్దుతారు, అది కరక్కాయ తగలగానే నల్లబడుతుంది. ఎరుపుకు పటిక అద్దాక పారే నీటిలోనే జాడించాలి. నిలవనీటిలో ఉతికితే వదిలిన పటిక పక్కకు అంటుకుని, తర్వాత ఎర్ర రంగులో ఉడికించినప్పుడు అక్కడా ఎరుపెక్కుతుంది. అందుకే ఈ పనికి కాలువ కావాలి. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, వానల్లో బట్ట ఆరదు. డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్తే అన్ని దశలూ చూడొచ్చు.