చర్చ ముగిసినా గుండె దడ ఆగడం లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 47. అకౌంట్స్ విభాగంలో పని చేస్తున్నాను. రాజకీయాలు, టెక్నాలజీ వార్తలంటే మొదటి నుంచీ ఆసక్తి. ముఖ్యమనిపించినవి స్నేహితుల గ్రూపుల్లో పంచుకుంటాను. రాత్రి భోజనాలయ్యాక వాటి మీద చర్చ మొదలై ఒంటిగంట దాకా సాగుతుంది. కొన్ని నెలలుగా ఫోను మోగితే చాలు, గుండె దడదడలాడుతోంది. పడుకున్నా నిద్ర పట్టదు. మూడింటికి మెలకువ వస్తే ఎవరేం జవాబిచ్చారో చూడకుండా ఉండలేకపోతున్నాను. కృత్రిమ మేధ వల్ల మాలాంటి ఉద్యోగాలు పోతాయన్న వార్త కనిపిస్తే ఆ రోజంతా కడుపులో తిప్పినట్టు ఉంటోంది. నేను పంపిన వార్త ఒకటి తప్పని తేలి నలుగురిలో మాట పడ్డాను, ఆ బాధ ఇంకా పోలేదు. మెడనొప్పి, కుడి బొటనవేలి మొదట్లో నొప్పి ఉన్నాయి. అప్పుడప్పుడు మా అమ్మగారి నిద్రమాత్ర సగం వేసుకుంటున్నాను. వార్తలు పూర్తిగా మానేయమని ఇంట్లోవాళ్లు అంటున్నారు. మానేయాలా?
– ఒక పాఠకుడు

సలహా: ముందు ఆ నిద్రమాత్ర సంగతి. ఒకరికి రాసిన మందు ఇంకొకరు వేసుకోకూడదు, అది సగమైనా సరే. ఆల్ప్రాజోలం, క్లోనజెపాం రకం మందులకు శరీరం కొన్ని వారాల్లోనే అలవాటు పడిపోతుంది. మొదట సగం మాత్రతో వచ్చిన నిద్ర తర్వాత ఒకటి వేసుకున్నా రాదు. మద్యంతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి తెస్తాయి. మీరు వేసుకునేది ఎప్పుడో ఒకసారి కాబట్టి ఇక ముట్టుకోకండి. రోజూ వేసుకుంటున్నవారు మాత్రం ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. వారు డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

ఇక గుండె దడ. ఇదంతా టెన్షన్ వల్లేనని పరీక్షించకుండా తేల్చేయడం సరికాదు. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైనా, రక్తహీనత ఉన్నా, గుండె లయ తప్పినా ఇలాగే ఉంటుంది. దగ్గర్లోని ఫిజీషియన్‌ను కలిసి బీపీ చూపించుకోండి. ఈసీజీ, థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. దడతో పాటు ఛాతీలో నొక్కేసినట్టు ఉండటం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి ఉంటే మాత్రం ఆ క్షణమే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

పరీక్షలన్నీ మామూలుగా వస్తే అప్పుడు మీ అసలు ప్రశ్న. వార్తలు మానేయాలా? నా సమాధానం, అక్కర్లేదు. దేశంలో, లోకంలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలనుకోవడం రోగం కాదు. నలుగురితో మాట్లాడాలనుకోవడం అంతకన్నా కాదు. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది వేరే సంగతి. వార్త చదవడానికి మీకు పట్టేది ఐదు నిమిషాలు. దాని మీద ఒక మాట రాసి పెట్టాక, ఎవరేమంటారోనని కాచుకుని ఉండేది గంటల తరబడి. మీ నిద్రను తినేస్తున్నది ఆ కాపలాయే.

అవతలి మనిషి టైప్ చేస్తున్నట్టు తెరమీద గుర్తు కనిపిస్తుంది, అంతలో మాయమవుతుంది, మళ్లీ కనిపిస్తుంది. ఆ కాసేపు మీ ఊపిరి ఎలా ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని మణికట్టు దగ్గర నాడి ఒక నిమిషం పాటు లెక్కపెట్టి రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్నవారికి అది 60 నుంచి 100 మధ్య ఉంటుంది. తర్వాత చర్చ వేడి మీద ఉన్నప్పుడు, కుర్చీలోంచి కదలకుండానే, మరోసారి లెక్కపెట్టండి. ఆ తేడా చూశాక నేను ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఒంట్లోకి అడ్రినలిన్ దిగింది, గుండె వేగం పెరిగింది, కండరాలు బిగుసుకున్నాయి, జీర్ణక్రియ మందగించింది. ఎదురుగా ఉన్నది పామా, పదునైన వ్యాఖ్యా అన్న తేడా శరీరానికి పెద్దగా పట్టదు. జవాబు ఎప్పుడొస్తుందో తెలియదు, మెచ్చుకోలో దెప్పిపొడుపో తెలియదు. ఎప్పుడొస్తుందో తెలియని ఫలితమే అలవాటును అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయేలా చేస్తుంది. జూదం ఆడేవారిని కూర్చోబెట్టేదీ అదే.

తెరమీది సంగతికి ఇంత శక్తి ఉంటుందా అని సందేహం వద్దు. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాయి. ఆ తర్వాతి వారమంతా రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలే చూసినవారిలో తీవ్ర ఒత్తిడి లక్షణాలు, పేలుళ్ల దగ్గర స్వయంగా ఉన్నవారిలో కన్నా ఎక్కువగా కనిపించాయని పరిశోధకులు 2014లో ప్రచురించారు.

మీలో రెండు వేర్వేరు బాధలు కలిసిపోయి ఉన్నాయి. రాజకీయ చర్చ మీకు కోపం తెస్తోంది, ఉద్యోగాల గురించిన టెక్నాలజీ వార్త దిగులు తెస్తోంది. రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

కోపానికి ఎదురుగా ఒక మనిషి ఉంటాడు. మాట అనేస్తే తీరిపోతుందనిపిస్తుంది, కానీ తీరదు. పైగా పదునైన మాటకే ఎక్కువమంది చప్పట్లు కొడతారు. రాజకీయ సందేశాలను పరిశీలించిన 2017 నాటి అధ్యయనం ఒకటి, మంచిచెడ్డల తీర్పు, భావోద్వేగం రెండూ కలిసిన మాట ఒక్కొక్కటి చేరినకొద్దీ ఆ సందేశం సుమారు 20 శాతం ఎక్కువగా వ్యాపించిందని చెప్పింది. అంటే రోజురోజుకూ మీ మాట పదునెక్కడంలో మీ స్వభావం తప్పు అంతగా లేదు. దీనికి నేను చెప్పేది ఒకటే. రాత్రి తొమ్మిది దాటాక ఎవరికీ జవాబు రాయకండి. రాయాలనిపిస్తే కాగితం మీద రాసి పక్కన పెట్టండి, పొద్దున కాఫీ తాగాక చదవండి. అప్పటికీ పంపదగినదే అనిపిస్తే పంపండి. వాదనలో మీదే న్యాయమైతే తెల్లారేసరికి అది పాచిపోదు.

దిగులు అలా కాదు. దానికి ఎదుటి మనిషి లేడు, ముగింపు తేదీ లేదు. ఉద్యోగం పోతుందో లేదో ఏ వార్తా కచ్చితంగా చెప్పదు కాబట్టి ఇంకొక వార్త వెతుకుతారు, అదీ చెప్పదు. కడుపులో తిప్పడం దాని ఫలితమే. దీనికి మనస్తత్వ చికిత్సలో చాలాకాలంగా వాడుతున్న పద్ధతి ఉంది. సాయంత్రం వెలుతురు ఉండగానే ఒక 20 నిమిషాలు దిగులు పడటానికే కేటాయించండి. నోటు పుస్తకంలో ఆ భయాన్ని ఉన్నదున్నట్టు రాయండి. దాని పక్కన ఈ నెలలో నా చేతిలో ఉన్నది ఏమిటి అని రాయండి. కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి నేర్చుకోవడమా, ఆఫీసులో పై అధికారితో మాట్లాడటమా, పొదుపు లెక్క చూసుకోవడమా? మిగతా వేళల్లో ఆ ఆలోచన వస్తే సాయంత్రానికి వాయిదా వేయండి. మొదటి వారం మనసు మాట వినదు. తర్వాత వింటుంది.

తప్పు వార్త పంపి మాట పడ్డానని రాశారు. ఆ అవమానాన్ని ఇన్నాళ్లు మోయనక్కర్లేదు. 2006 నుంచి 2017 వరకు ట్విటర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలిస్తే, నిజమైన వార్త కన్నా అబద్ధం మళ్లీ షేర్ అయ్యే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. అందులోనూ రాజకీయ అబద్ధాలదే ముందడుగు. వాటిని వ్యాపింపజేసింది ప్రధానంగా యంత్రాలు కావు, మనుషులే. తెలివైనవారు కూడా పొరబడతారు, ఎందుకంటే పంపే క్షణంలో మన ధ్యాస వార్త నిజమా కాదా అన్న దాని మీద ఉండదు, ఎవరేమంటారో అన్న దాని మీద ఉంటుంది. పంపే ముందు ‘ఇది నిజమేనా’ అని ఒక్కసారి ప్రశ్నించుకుంటే తప్పుడు షేర్లు తగ్గుతాయని పరిశోధనల్లో కనిపించింది. మీ విషయంలో మరో లాభం కూడా ఉంది. తొందరపడి పంపనివారికి సమర్థించుకోవలసిన పని తక్కువ, సమర్థించుకోనక్కర్లేనివారికి నిద్ర త్వరగా పడుతుంది. ఆ గ్రూపులో ‘నేను పంపినది తప్పు, సరైన సమాచారం ఇది’ అని ఒక్క వాక్యం పెట్టేయండి. దాని కింద ఎవరేం రాసినా జవాబివ్వకండి.

మూడింటికి మెలకువ రావడం దానంతట అది జబ్బు కాదు. తెల్లవారుజాము నిద్ర అందరికీ పలచగానే ఉంటుంది, చాలామంది మెలకువ వచ్చి మళ్లీ నిద్రలోకి జారుకుంటారు. మీరు జారుకోకపోవడానికి కారణం చేతికి అందేంత దూరంలో ఉన్న ఫోను. రాత్రి దాన్ని వేరే గదిలో ఛార్జింగ్‌కు పెట్టండి, అలారం కోసం విడిగా గడియారం కొనుక్కోండి. పావుగంటైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి మసక వెలుతురులో కూర్చోండి, కునుకు వచ్చినప్పుడే తిరిగి పడుకోండి. నిద్ర ఆలస్యమైనా లేచే వేళ మార్చకండి. కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికే ఐదు గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం తర్వాత వద్దు.

మెడ తిన్నగా ఉన్నప్పుడు తల బరువు ఐదు కిలోల దాకా ఉంటుంది. 60 డిగ్రీలు వంచితే వెన్ను మీద సుమారు 27 కిలోల భారం పడుతుందని ఒక లెక్క. ఫోనును కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి. బొటనవేలికి విశ్రాంతినిచ్చి, పెద్ద సందేశాలు కంప్యూటర్ మీద రాయండి. మూడు వారాల్లో తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కు చూపించండి.

ఇంట్లోవాళ్లకు కూడా ఒక మాట. ఫోను లాక్కోకండి, దానివల్ల దొంగచాటు వాడకం పెరుగుతుంది. ఆయన చెప్పే వార్తలు భోజనాల దగ్గర కాసేపు వినండి. మనిషితో ముఖాముఖి మాట్లాడినప్పుడు చర్చ అక్కడికక్కడే ముగుస్తుంది.

నెల రోజులు ఇలా చేసినా వారంలో మూడు రాత్రులకు పైగా నిద్ర పట్టకపోతే, పని మీద మనసు నిలవకపోతే, బతకడం దండగ అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సైకియాట్రిస్టును కలవండి. ఆ చివరిది వస్తే నెల దాకా ఆగవద్దు, అదే రోజు వెళ్లండి. మందులు లేకుండా నిద్రలేమికి ఇచ్చే ప్రత్యేక బిహేవియర్ థెరపీ ఉంది, దాన్ని గురించి అడగండి. నాడి లెక్కలు, దిగులు రాసుకున్న నోటు పుస్తకం వెంట తీసుకెళితే డాక్టర్‌కు మీ పరిస్థితి త్వరగా అర్థమవుతుంది.