డెస్క్ ఎక్కే ముందు బాయిలర్ చుట్టూ తిరుగు

చిరంజీవి కిరణ్‌కి,

మావయ్య ఆశీస్సులు. నిన్ను ఇబ్రహీంపట్నం థర్మల్‌లో ఏఈగా తీసుకుని, 210 మెగావాట్ల యూనిట్‌లో ఆపరేషన్ షిఫ్టుకి వేశారని అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. ఆ స్టేషన్‌కి నార్ల తాతారావు గారి పేరు పెట్టి ఏళ్లయినా జనం నోట్లో ఇంకా వీటీపీఎస్సే (విజయవాడ థర్మల్ పవర్ స్టేషన్). 1979లో మొదటి యూనిట్ మొదలైంది. 210లు ఆరు, వాటి తర్వాత ఒక 500, ఒక 800 వచ్చాయి. నువ్వు 210లో పడటం మంచిదే. అక్కడ పని నేర్చుకున్నవాడు ఏ యూనిట్‌కి వేసినా భయపడడు.

ముందుగా ఒక మాట. కంట్రోల్ రూమ్ డెస్క్ మీద కనిపించేది ట్రాన్స్‌మిటర్, అంటే కొలిచి పంపే పరికరం, చెప్పిన మాట. అసలు సంగతి కింద ఉంటుంది. అందుకే మొదటి మూడు నెలలు కుర్చీ కోసం తొందరపడకు. వారానికి ఒక సిస్టమ్ చొప్పున నోట్‌బుక్కు, పెన్సిలు పట్టుకుని లైను వెంట నడు. బాయిలర్‌కి వెళ్లే నీళ్లు, అంటే ఫీడ్ వాటర్‌తో మొదలుపెట్టు: నీళ్లలో కలిసిన గాలి తీసే డీఏరేటర్, బాయిలర్ ఫీడ్ పంపు, నీళ్లని వేడిచేసే హెచ్‌పీ హీటర్లు, ఎకనమైజర్, చివరికి నీళ్లూ ఆవిరీ విడిపోయే డ్రమ్. ప్రతి వాల్వు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో, ఏ పక్కకి తిప్పితే మూస్తుందో, చీకట్లో వెళ్లాల్సి వస్తే మెట్లు ఎటున్నాయో, అన్నీ నీ చేత్తోనే గీసుకో. ఆఫీసులో దొరికే డ్రాయింగు జిరాక్స్ తీసుకుంటే బుర్రకెక్కదు.

డ్రమ్ లెవెల్ దగ్గర మాత్రం ఎన్ని రోజులు పట్టినా సరే, పూర్తిగా అర్థమయ్యేదాకా వదలకు. ఫుల్ లోడ్‌లో బాయిలర్ గంటకి దాదాపు 700 టన్నుల ఆవిరి ఇస్తుంది. అంటే నిమిషానికి పదకొండు, పన్నెండు టన్నుల నీళ్లు పోతున్నట్టు. ఫీడ్ ఆగితే నీ చేతిలో ఉండేది క్షణాలే. మామూలుగా మూడు ఫీడ్ పంపుల్లో రెండు నడుస్తాయి, ఒకటి స్టాండ్‌బై. నడిచేది ఒకటి ట్రిప్ అయి స్టాండ్‌బై అందుకోకపోతే, ఎవరినీ అడక్కుండా మంట నిలబడటానికి ఆయిల్ సపోర్ట్ పెట్టి, బొగ్గుని పొడిచేసే మిల్లుల్లో పైవాటి నుంచి ఆపుకుంటూ లోడ్ సగానికి దించాలి.

ఇక్కడ కొత్తవాళ్లు రెండు చోట్ల మోసపోతారు. లోడ్ ఒక్కసారిగా పెరిగినా, సేఫ్టీ వాల్వు లేచినా డ్రమ్ ప్రెషర్ పడిపోయి నీళ్లలో బుడగలు ఉబ్బుతాయి, లెవెల్ పైకి పోయినట్టు కనిపిస్తుంది. అది చూసి ఫీడ్ కోసేస్తే, ఉబ్బు దిగగానే లెవెల్ పాతాళానికి పోతుంది. ఆవిరి ఫ్లో, ఫీడ్ ఫ్లో పక్కపక్కన చూసి గానీ చెయ్యి వెయ్యకు. రెండోది ఇంకా ప్రమాదం. లెవెల్ ట్రాన్స్‌మిటర్‌కి రిఫరెన్స్ లెగ్ అని నిండుగా ఉండాల్సిన నీటి కాలమ్ ఒకటి ఉంటుంది. దాని డ్రైన్ వాల్వు కారితే తేడా ప్రెషర్ తగ్గి, నీళ్లు లేకపోయినా లెవెల్ ఎక్కువ చూపిస్తుంది. కంట్రోల్ దాన్ని నమ్మి ఫీడ్ తగ్గిస్తుంది, ట్యూబులు ఎండిపోతాయి. అందుకే షిఫ్టు ఎక్కగానే ఒకసారి, మధ్యలో ఒకసారి డ్రమ్ ఫ్లోర్‌కి ఎక్కి నీటిమట్టం నేరుగా కనిపించే గేజ్ గ్లాస్ నీ కళ్లతో చూసి, డెస్క్ రీడింగుతో సరిపోల్చి లాగ్ బుక్కులో రాయి. లిఫ్టు పని చెయ్యకపోతే మెట్లెక్కు.

మంట సంగతి. ఫర్నేస్ ఆరిపోతే తిరిగి వెలిగించెయ్యాలని చెయ్యి లాగుతుంది, పైనుంచి ఫోన్లు మోగుతుంటాయి. అప్పటికే లోపల కాలని బొగ్గు పొడి, ఆయిల్ ఆవిరి నిండి ఉంటాయి. ఆ సమయంలో ఆయిల్ గన్ పెట్టి వెలిగిస్తే బాయిలర్ పేలుతుంది. కనీసం 30 శాతం గాలి, 5 నిమిషాల పర్జ్ (లోపలిదంతా గాలితో ఊదేయడం) పూర్తయ్యాకే లైటప్. ఈ 5 నిమిషాల విషయంలో ఎవరు చెప్పినా వినకు, పెద్ద ఇంజినీరు చెప్పినా సరే. మంట చూసే పీప్ హోల్ తెరిచేటప్పుడు ఎదురుగా నిలబడకు. పక్కకి జరిగి, ఫేస్ షీల్డ్ వేసుకుని, నీలం అద్దం అడ్డం పెట్టుకుని చూడు. డ్రాఫ్ట్ (ఫర్నేస్ లోపలి ప్రెషర్) మైనస్‌లో ఉన్నా, ఒక్క క్షణం పాజిటివ్ అయితే చాలు మంట నాలుకలా బయటికి వస్తుంది.

వానాకాలంలో తడి బొగ్గు, దాన్ని నిలవుంచే బంకర్లో అంటుకుపోతుంది. మిల్లుకి బొగ్గు పంపే ఫీడర్ తిరుగుతూనే ఉంటుంది, బొగ్గు మాత్రం దిగదు. మిల్లు మోటారు కరెంటు పడిపోయి, అవుట్‌లెట్ టెంపరేచర్ ఎగబాకితే బొగ్గు రావడం లేదని అర్థం. వెంటనే వేడి గాలి తగ్గించి, బంకర్ దగ్గరికి మనిషిని పంపు, ఫ్లేమ్ ఊగుతుంటే ఆయిల్ గన్ ముందే పెట్టు. బొగ్గు బాగానే పడుతూ టెంపరేచర్ ఎక్కుతుంటే మాత్రం లోపల నిప్పు అంటుకున్నట్టే. మిల్లు ఒంటి మీద పెయింటు బొబ్బలెక్కడం దాని గుర్తు. అప్పుడు కంగారుపడి మిల్లు ఆపకు, తలుపు అసలే తెరవకు. వేడి గాలి గేటు మూసి, చల్ల గాలి పూర్తిగా తెరిచి, ఫీడ్ ఇంకా పెంచు. వచ్చి పడే బొగ్గే నిప్పుని నొక్కేస్తుంది. టెంపరేచర్ దిగాకే ఆపి ఐసొలేట్ చెయ్యాలి.

ట్యూబ్ లీకు సైరన్ మోగించి రాదు. ఫీడ్ ఫ్లోకి, ఆవిరి ఫ్లోకి మధ్య తేడా పెరుగుతూ పోతుంది, లోటు పూడ్చడానికి కలిపే డీఎం నీళ్ల (లవణాలు తీసిన నీళ్లు) మేకప్ ఎక్కువవుతుంది, ఫర్నేస్ పొగని లాగే ఐడీ ఫ్యాన్ల కరెంటు పెరుగుతుంది. దగ్గరికి వెళితే సన్నగా బుస వినిపిస్తుంది. అనుమానం వస్తే అదే షిఫ్టులో చెప్పు. కారే ట్యూబు నుంచి వచ్చే జెట్ పక్క ట్యూబులని కోసేస్తుంది, ఒక్కరోజు ఆగితే ఒక ట్యూబు కాస్తా పది అవుతాయి.

టర్బైన్ దగ్గర నూనెని మించింది లేదు. నిమిషానికి 3000 సార్లు తిరిగే రోటర్‌కి నూనె ఆగితే బేరింగుల్లో బ్యాబిట్ లోహపు పూత కరిగిపోతుంది. స్టేషన్ మొత్తం బ్లాకౌట్ అయినప్పుడు ఏసీ పంపులు ఉండవు, బ్యాటరీల మీద నడిచే డీసీ పంపు ఒక్కటే దిక్కు. దాని టెస్టు రోజు బటన్ నొక్కి నడిపేసి లాగ్ బుక్కులో టిక్కు పెడితే సరిపోదు. బటన్‌తో నడిచిన పంపు ప్రెషర్ స్విచ్ పనిచేస్తోందని చెప్పదు. స్విచ్ దగ్గర నూనె ప్రెషర్ దించి, దానంతట అదే లేస్తుందో లేదో చూడాలి. యూనిట్ ఆగాక, రోటర్‌ని నెమ్మదిగా తిప్పే బారింగ్ గేర్ వదలొద్దు. వేడి రోటర్ కదలకుండా ఉంటే పైభాగం వేడిగా, కిందిభాగం చల్లగా అయి వంగిపోతుంది. కేసింగ్ చల్లబడేదాకా, రోజులు పట్టినా తిప్పుతూనే ఉండాలి.

రిపేరు పనికి పర్మిట్ ఇచ్చేటప్పుడు కాగితం మీద సంతకం చెయ్యకముందే బ్రేకర్ బయటికి లాగి ఉందో లేదో, ట్యాగ్ వేలాడుతోందో లేదో నువ్వే వెళ్లి చూడు. మెయింటెనెన్స్ వాళ్లు, కాంట్రాక్టు కూలీలు నీ సంతకాన్ని నమ్మి లోపల చెయ్యి పెడతారు.

షిఫ్టుకి పదిహేను నిమిషాలు ముందే వెళ్లు. దిగిపోయేవాళ్లు డెస్క్ దగ్గర చెప్పేది విను, ఆ తర్వాత లాగ్ బుక్కులో వెనక రెండు షిఫ్టులు చదువు. జేబులో టార్చి, చెవులకి ప్లగ్గులు, కాళ్లకి సేఫ్టీ బూట్లు. సీ షిఫ్టులో, అంటే రాత్రి డ్యూటీలో, తెల్లవారుజామున 3 నుంచి 5 దాకా కళ్లు మూతలు పడతాయి, ఆ టైముకే డ్రమ్ ఫ్లోర్ రౌండు పెట్టుకో. వచ్చే ఆదివారం ఆఫ్ అయితే ఇంటికి రా, నీ ఫీడ్ వాటర్ డ్రాయింగు తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మావయ్య