తీతువు అరిస్తే లేచి వచ్చెయ్

అమ్మీ,

మే నెలంతా సెలవు పెట్టి కడపకు వస్తున్నావట. రోజూ కొండల వెంట తిరిగి, నువ్వు వేస్తున్న పిల్లల పుస్తకానికి బొమ్మలు గీసుకుంటావని మీ నాయన ఫోన్లో చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్.

పన్నెండు నెలల్లో నీకు మే నెలే దొరికిందా తల్లీ? ఇక్కడ 42, 43 డిగ్రీలంటే కొత్తేం కాదు. అయినా వద్దనలేను. రేల చెట్టు పసుపుపచ్చగా పూసేది అప్పుడే. కొండరాయి అసలు రంగు, కొమ్మ అసలు వంపు కనిపించేదీ అప్పుడే. వానలు పడ్డాయంటే పచ్చదనం అన్నిటినీ కప్పేస్తుంది.

తెల్లారి ఐదున్నరకు బయల్దేరు, తొమ్మిదికల్లా ఇంట్లో ఉండు. నీళ్లు, మజ్జిగ, తలకు తువ్వాలు మరిచిపోవద్దు. నీళ్ల రంగులు ఇంట్లోనే పెట్టు, ఆ వడగాలికి కాగితం మీద పరుచుకోకముందే ఆరిపోతాయి. పెన్సిలుతో గీసి రంగు పేరు పక్కన రాసుకో. ఉత్త ఎరుపు అని రాస్తే ఇంటికొచ్చాక ఏ ఎరుపో గుర్తుండదు. కాలిన ఇటుక ఎరుపు అని రాయి.

లంకమల అడవిలోకి ఫారెస్టు వాళ్ల అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. ఎర్రచందనం ఉన్న కొండలవి, కొత్త మనిషిని అనుమానంగానే చూస్తారు. కలివికోడిని గీయాలని నీకు ఆశ ఉందట. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న పిట్ట అది. 1986లో మన జిల్లాలోనే మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే పిట్ట, పగలు నీకు కనబడదు. అది బతికే ముళ్లపొదల్ని గీసుకురా, చాలు.

ఇప్పుడు మీ జేజికి కూడా చెప్పని సంగతి ఒకటి చెప్తాను.

నాకు ముప్పై ఏళ్లప్పుడు, ఇలాంటి ఎండల్లోనే, సిద్ధవటం దగ్గర పెన్నలోకి దిగాను. ఏరు ఎండిపోయి ఇసుక, గులకరాళ్లు. పొద్దున పది దాటింది. ఒక తీతువు లేచి నా తల చుట్టూ తిరుగుతూ ఒకటే అరుపు. కాసేపు నా ముందే వాలి, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నడిచింది. తీతువు కూత చెడు శకునమని మా అమ్మ అనేది. నేను మాత్రం పిట్టే నా దగ్గరికొచ్చింది, నా అదృష్టమనుకున్నాను. గొడుగు వేసుకుని కూర్చుని గంటన్నర గీశాను. దాని కంట్లో మెరుపు కూడా పట్టాను. లేచేసరికి కళ్లు తిరిగాయి, నీళ్లు తాగాలన్న సంగతే గుర్తులేదు. తూలి అడుగు వేయబోతే కాలి ముందు నాలుగు గుడ్లు. గులకరాళ్లకూ వాటికీ తేడా లేదు. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

ఆ ఎండలో తల్లి గుడ్ల మీద కూర్చునేది వాటికి నీడ పట్టడానికి. మడుగులో పొట్ట ఈకలు తడుపుకొచ్చి మరీ వాటిని చల్లబరుస్తుంది. ఇది నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. గొడుగు నీడలో నేను కూర్చున్నాను, గుడ్లు ఎండలో ఉన్నాయి. తర్వాతి ఆదివారం తెల్లవారుజామునే వెళ్లాను. నాలుగూ అక్కడే, చల్లగా ఉన్నాయి. పిట్ట లేదు.

ఆ బొమ్మను ఒక వారపత్రిక అట్ట మీద వేసింది. కంట్లో ప్రాణం ఉందన్నారందరూ. అది బెదురు అని నాకొక్కడికే తెలుసు.

అందుకని, పిట్ట నీ మీదికి అరుస్తూ వచ్చినా, రెక్క ఈడ్చినా పెన్సిల్ పక్కన పెట్టెయ్. కాళ్ల కింద చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి వచ్చెయ్. చూసినంత మటుకు ఇంటికొచ్చి గీయి. నీకు నా చెయ్యే వచ్చింది, చిన్నప్పుడు బండల మీద సుద్దతో కోడిపెట్టను గీసినప్పుడే తెలిసింది నాకు. గీస్తూ కూర్చుంటే ఒళ్లు మరిచే గుణం కూడా నాదే వచ్చిందేమోనని నా భయం.

ఆ అట్టబొమ్మ ట్రంకుపెట్టెలో ఉంది. వచ్చాక చూపిస్తాను. అందులో గుడ్లు లేవు. బస్సెక్కే ముందు ఫోన్ చెయ్యి, స్టాండుకు నేనే వస్తాను.

మీ జేజినాయన