సైప్రెస్ హిల్స్ చరిత్ర రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

సైప్రెస్ హిల్స్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. కెనడాలో అల్బెర్టా, సస్కాచెవాన్ రాష్ట్రాల సరిహద్దులో, గడ్డిమైదానం నడుమ లేచిన ఆ కొండలను ప్రేమించి రాశావు. అందుకే కొంచెం గట్టిగా చెబుతున్నాను.

"1859లో జాన్ పాలిజర్ ఈ కొండలను కనుగొన్నాడు" అన్న మొదటి వాక్యం కొట్టెయ్యి. అప్పటికే వేల ఏళ్లుగా అక్కడ మనుషులు తిరుగుతున్నారు. బ్లాక్‌ఫుట్, క్రీ, నకోడా అనే ఆదివాసీ జనం వేటకు వచ్చేవారు. గుడారాలకు కావలసిన సన్నని పైన్ వాసాలను అక్కడే కొట్టుకునేవారు. ఆ నేల సేద్యానికి పనికొస్తుందా, రాకీ పర్వతాలు దాటే దారి ఉందా అని తెలుసుకోవడానికి బ్రిటిష్ ప్రభుత్వం పాలిజర్ బృందాన్ని పంపింది. కాబట్టి ఆయన నివేదికలో నీళ్లు, కలప, మంచి మట్టి కనిపిస్తాయి. ఎండిన మైదానం దాటి వచ్చిన ఆయనకు అదొక ఒయాసిస్సులా తోచింది. ఆ సంబరం నిజమైనదే, వాడుకో. కానీ ఏం వెతుకుతూ వచ్చాడో ముందు చెప్పు.

1873 జూన్ 1 నాటి మారణకాండను రెండు వాక్యాల్లో దాటేశావు. అది నాకు మింగుడుపడలేదు. పోయిన గుర్రాలను వెతుకుతూ అమెరికాలోని మోంటానా వైపు నుంచి వచ్చిన తోడేళ్ల వేటగాళ్లు, సారా వర్తకుల కొట్ల దగ్గర విడిది చేసిన నకోడాల మీద కాల్పులు జరిపారు. ఆ గుర్రాలు ఆ విడిదిలో లేనే లేవు. 1876లో విన్నిపెగ్‌లో విచారణ జరిగితే ముగ్గురు నిందితులూ నిర్దోషులుగా బయటపడ్డారు. చనిపోయినవారి సంఖ్య ఒక్కో కథనంలో ఒక్కోలా ఉంటుంది. నీకు నచ్చిన అంకె ఎంచుకోకు, ఎవరు ఎంత చెప్పారో రాయి.

1875లో పోలీసులు ఫోర్ట్ వాల్ష్ కట్టారు, శాంతి నెలకొంది అంటూ వ్యాసం ముగించావు. అక్కడ ఆపితే అది పోలీసుల కథ అవుతుంది. ఆ తర్వాత వాళ్లకు తిండి అయిన బైసన్ (అడవి దున్నల్లాంటి పశువులు) మందలు అంతరించి, ఆకలితో అలమటించే జనం ఆ కోట చుట్టూ చేరారు. అమెరికా సరిహద్దుకు దూరంగా వాళ్లను కదిలించడానికి ప్రభుత్వం రేషన్ బిగబట్టింది. 1882లో నకోడాలను తూర్పున ఇండియన్ హెడ్ అనే ఊరి వైపు తరలించారు. మరుసటి ఏడు కోటనే మూసేశారు. క్యారీ ద కెటిల్ అనే పేరుతో వారి వారసులు ఇప్పటికీ సస్కాచెవాన్‌లో ఉన్నారు. వారి పెద్దలు చెప్పే చరిత్రకు పాలిజర్ నివేదికతో సమానమైన చోటివ్వు.

పోలీసుల ఎర్ర కోట్ల వర్ణన తీసేస్తే ఈ భాగానికి కావలసినంత స్థలం దొరుకుతుంది. తిరగరాసిన ప్రతిని సంక్రాంతిలోపు పంపితే తీరిగ్గా చదువుతాను.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య