"జపాన్ ఓడ వచ్చింది" అనేవారు తాతయ్య

"రోజంతా న్యూజిలాండ్ ఊహల్లోనే ఉంటున్నాను, విశాఖ మీద ఆసక్తే పోయింది, దీన్నుంచి ఎలా బయటపడాలి?" అని అడిగారు. నేనూ విశాఖలోనే పుట్టి పెరిగాను. మీకు న్యూజిలాండ్ ఎలాగో నాకు జపాన్ అలాగ, పదిహేనేళ్ళ నుంచి. బయటపడాలని ఒకప్పుడు నేనూ అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

మధ్యాహ్నం క్యారేజీ ముందు పెట్టుకుని జపాన్ రైళ్ళ వీడియోలు చూసేదాన్ని. కొండల మధ్య రెండు పెట్టెల బండి, చుట్టూ మంచు, ప్లాట్‌ఫాం మీద ఒకే ఒక్క మనిషి. డ్రైవరు తెల్లటి గ్లోవ్స్ వేసుకుని ప్రతి సిగ్నల్‌నీ వేలితో చూపించి, పైకి చెబుతాడు. ఆ శ్రద్ధ అంటే నాకు ప్రాణం. అది చూసిన కళ్ళతో సాయంత్రం మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడితే ఏడుపొచ్చేది.

ఒకరోజు అమ్మకి గొప్పగా చెబుతున్నాను. జపాన్ వాళ్ళ పాత క్యాలెండర్లో ఏడాదిని 72 భాగాలు చేశారని, ఒక్కోటి ఐదు రోజులేనని, పురుగులు నిద్ర లేచే రోజులు, చెర్రీ పూలు విచ్చే రోజులు అంటూ ప్రతిదానికీ పేరుందని. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే, "మనకి కార్తెలు లేవేటే?" అంది.

ఉన్నాయి. 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. రోహిణిలో రోళ్ళు పగులుతాయని, మృగశిర నాడు చేప తినాలని పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. జపాన్‌ది అంటే అద్భుతంలా, మనది అంటే చాదస్తంలా నాకు వినపడుతోందని ఆ క్షణంలో తెలిసింది. చాలా సిగ్గేసింది.

మర్నాడే ఒక నోట్‌బుక్ కొన్నాను. జపాన్ నుంచి ఎవరైనా వచ్చి విశాఖలో ఏడాది ఉంటే ఏమేం రాసుకుంటారో అవి రాయాలనుకున్నాను. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిళ్ళు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. అక్షయ తృతీయ నాడు సింహాద్రి అప్పన్న చందనం లేకుండా దర్శనమిస్తాడు, ఏడాదికి ఆ ఒక్కరోజే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. ఫిషింగ్ హార్బర్లో బోట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి, ఒకరు రంగులేస్తుంటే ఇంకొకరు వల చిరుగులు కుడుతుంటారు. మృగశిర కార్తె జూన్ మొదటి వారం దాటగానే వచ్చేస్తుంది, అప్పటికి నిషేధం ఇంకా ఎత్తెయ్యరు. అంటే ఆ రోజు మనూళ్ళో దొరికే తాజా సముద్రపు చేప పెద్ద బోట్లది కాదు, తెప్పల మీద వెళ్ళినవాళ్ళు తెచ్చింది. ముప్పై ఏళ్ళుగా తింటున్నా ఈ ముక్క నాకు తట్టలేదు!

తర్వాత రైలు. వీడియోల్లో కొండ రైళ్ళు చూసి కలలు కనే నేను, కాలేజీ పిక్నిక్ తర్వాత మళ్ళీ అరకు బండి ఎక్కలేదు. ఒక డిసెంబరులో, పొద్దున్నే బయలుదేరి అరకు మీదుగా పోయే కిరండూల్ పాసింజర్‌కి వెళ్ళాను. కావాలనే ఇంజను పక్కన నిలబడ్డాను. బండి కదిలేముందు లోకో పైలట్, పక్కనున్న అసిస్టెంటు చెయ్యి చాపి సిగ్నల్ రంగు ఒకరికొకరు పైకి చెప్పుకున్నారు. గ్లోవ్స్ లేవు, అంతే తేడా. ఆ చెయ్యి మన స్టేషన్లోనే ఎన్నేళ్ళుగా అలా లేస్తోందో!

శృంగవరపుకోట దాటి బొడ్డవర వచ్చాక ఘాట్ మొదలవుతుంది. అరకు చేరేలోపు వరసగా సొరంగాలే. ఒక సొరంగంలోంచి బయటపడి లోయని కళ్ళారా చూసేలోపే ఇంకో చీకటి. చిమిడిపల్లి స్టేషన్లో మా బండిని ఆపేశారు. పైనుంచి ఇనుప ఖనిజం బండి దిగుతోంది. వ్యాగన్ తర్వాత వ్యాగన్, అంచులన్నీ ఎర్రగా, ఎంతకీ అయిపోదే! కిటికీ మీద చెయ్యి ఆనించి తీస్తే వేళ్ళకి ఎర్రటి పొడి అంటింది. ఎదురుగా కూర్చున్న రిటైర్డ్ రైల్వే ఉద్యోగి చెప్పారు, "ఈ లైను వేసిందే జపాన్ కోసమమ్మా" అని.

ఇంటికొచ్చి చదివాను. ఇనుప ఖనిజం జపాన్‌కి దాదాపు అంతా బయటి నుంచే రావాలి. 1960లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపడానికే ఆ కొండలు తొలిచి కొత్తవలస-కిరండూల్ లైను వేశారు. 1976లో ఔటర్ హార్బర్ వచ్చాక ఇంకా పెద్ద ఓడలు రావడం మొదలైంది.

మా తాతయ్య చేసింది రేవులో ఆ ఖనిజం ఓడలకి ఎత్తే పనే. రిటైరయ్యాక కూడా సముద్రంలో ఏ ఓడ కనిపించినా "జపాన్ ఓడ వచ్చింది" అనేవారు. ఆయన కాకీ చొక్కా ఎన్నిసార్లు జాడించినా బకెట్లో నీళ్ళు ఎర్రగానే ఉండేవని అమ్మమ్మ చెప్పేది. నేను మొదటిసారి జపాన్ పేరు విన్నది ఏ వీడియోలోనూ కాదు, ఆయన నోట. ఆ సంగతి పూర్తిగా మర్చిపోయాను.

కాబట్టి న్యూజిలాండ్ కలని వదలకండి. అందులో మిమ్మల్ని లాగేది ఏమిటో మాత్రం ఒక కాగితం మీద రాయండి. పచ్చటి కొండలా, సముద్రమా, మనుషులు లేని నిశ్శబ్దమా? నిశ్శబ్దమే అయితే ఒకరోజు పొద్దున్నే భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలకి వెళ్ళండి, ఎండ ఎక్కకముందే.

నేనింకా జపాన్ వెళ్ళలేదు. డబ్బులు కూడబెడుతున్నాను, తప్పకుండా వెళ్తాను. ఈలోపు ఈ నవంబరులో వలిసె పూలు పూయగానే అమ్మని అరకు తీసుకెళ్తున్నాను, ఆ రైల్లోనే.