తల్లి పాడమన్న రోజు

అమ్మాయీ,

హంగరీ గాయని, సినిమా నటి మార్తా ఎగ్గెర్త్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ ఆరో పేజీకి వచ్చేసరికి నాకు కోపం వచ్చింది. "భర్త మరణానంతరం కొంతకాలం పాడటం మాని, తిరిగి వేదికనెక్కారు" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. సినిమా పేర్లకు మాత్రం పేజీన్నర!

అక్కడ దాటిపోబుద్ధి ఎలా వేసింది నీకు? ఆ భర్త యాన్ కీపురా, పోలండ్ గాయకుడు. 1934లో ఇద్దరూ ఒక సినిమాలో కలిసి నటించారు, 1936లో పెళ్లి చేసుకున్నారు. 1938లో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి దిగింది. వీళ్లిద్దరి తల్లులూ యూదులే, ఇక అక్కడ ఎలా ఉంటారు? బెర్లిన్, వియన్నా సినిమాల్లో హీరోయిన్‌గా వెలిగిన మనిషి అమెరికా చేరాక హాలీవుడ్‌లో అక్కడి తార జూడీ గార్లండ్ పక్కన చిన్న వేషాలు వేసింది. ఆమెను మళ్లీ నిలబెట్టింది స్టేజీయే. 1943లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో, స్వరకర్త లెహార్ సంగీత నాటకం 'ది మెర్రీ విడో'లో మొగుడూ పెళ్లాలే జంటగా పాడారు. ఆ తర్వాత దేశదేశాల్లో అదే నాటకం, ఐదు భాషల్లో, రెండు వేలసార్లకు పైగా. అన్ని రాత్రులు ఎదురుగా నిలబడి పాడిన మనిషి 1966లో పోయాడు. ఇక ఆ పాట నోట్లోంచి ఎలా వస్తుంది? కొన్నేళ్లు రాలేదు. మళ్లీ పాడమని పోరింది తల్లి. ఆ తల్లీ గాయనే, కూతురి కోసం తన పాట పక్కన పెట్టేసిన మనిషి.

పాడేవాళ్ల గురించి రాస్తే గొంతు గురించి రాయాలి. ఈ మాట నేను ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. అప్పట్లో తెనాలి వైపు ఒక పద్యనాటకాల నటి మీద రాశాను. జనం వన్స్‌మోర్ అని అరుస్తుంటే, మూడోసారి పద్యం ఎత్తుకునే ముందు ఆవిడ తెర చాటుకు వచ్చింది. ఇత్తడి గ్లాసులో మిరియాల కషాయం గుక్కెడు తాగి, మెడ మీద చెమట కొంగుతో తుడుచుకుని వెళ్లింది. కళ్లారా చూసి రాశాను. ఎడిటరు ఆ పేరా కొట్టేసి సన్మానాల జాబితా వేశాడు. పత్రిక తీసుకెళ్లి ఇస్తే ఆవిడ చదువుకుని, "ఇందులో నేనెక్కడున్నాను నాయనా?" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఇప్పుడేమో అందరికీ స్ఫూర్తి కథనాలే కావాలి. పుట్టుక, కష్టాలు, విజయం, చప్పట్లు. నీ వ్యాసం కూడా ఆ దారే పట్టింది. "గానకోకిల" అనే మాట ఐదుచోట్ల కొట్టేశాను.

మళ్లీ రాయి. తల్లి పాడమన్న దగ్గర మొదలుపెట్టు. ఆ తల్లీకూతుళ్లు ఏం మాట్లాడుకున్నారో కల్పించకు, తెలిసినంతే రాయి. ఆ తల్లి మాట ఎంత దూరం వెళ్లిందో చూడు: కూతురు తొంభై దాటాక కూడా న్యూయార్క్‌లో కచేరీలు చేసింది. 1912లో బుడాపెస్ట్‌లో పుట్టిన పిల్ల 2013లో, నూట ఒక్క ఏళ్ల వయసులో పోయింది. సినిమా పేర్లు నాలుగు చాలు.

సంక్రాంతి లోపు పంపు, చూస్తాను.